ఏవోయ్ గారి సర్టిఫికెట్

"ఏవోయ్ గారంటే ఎవరండీ?" గుమ్మంలో కొరియర్ అతను కవరు అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

"నేనే," అంటూ లాక్కుంది ఆవిడ. చింపి చూస్తే కుట్టుపని కోర్సు సర్టిఫికెట్. 'ఏవోయ్ గారు ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణులయ్యారు' అని బంగారు అక్షరాల్లో ఉంది.

"ఏవండీ! ఓసారి ఇలా రండి!"

భర్త వచ్చి చూశాడు. నవ్వు ఆపుకోలేకపోయాడు.

"నవ్వకండి, ఒళ్ళు మండుతోంది. నాకు ఆ మెయిల్ అకౌంట్ చేసిపెట్టింది మీరు కాదూ?"

"పేరేమిటని కంప్యూటర్ అడిగింది. నేను రోజూ పిలిచేదే కొట్టేశాను. నువ్వు దాంతోనే ఊళ్ళో ఉన్న సైట్లన్నిట్లోకీ దూరతావని నాకేం తెలుసు?"

"అన్నిటికీ అదొక్కటి చాలన్నదీ మీరే! బట్టల సైట్‌లో ఏవోయ్, లైబ్రరీలో ఏవోయ్, చివరికి పళ్ళ డాక్టరు దగ్గర కూడా ఏవోయే! దీన్ని ఫ్రేము కట్టించి నా టైలరింగ్ షాపులో ఎలా పెట్టుకోను?"

"కంగారు పడకు. అకౌంట్‌లో ఒక్కచోట మారిస్తే అన్నిచోట్లా మారిపోతుంది. సర్టిఫికెట్ మళ్ళీ తెప్పిద్దాం." లాప్‌టాప్ తెరిచి టకటకా కొట్టాడు.

"పైకి చదవండి. మళ్ళీ తప్పు పడితే ఊరుకోను."

అతను గొంతు సవరించుకున్నాడు. పెళ్ళైన పద్దెనిమిదేళ్ళకి ఆవిడ పేరు మొదటిసారి అతని నోట్లోంచి వచ్చింది, మెల్లగా, ఇంటిపేరుతో సహా.

ఆవిడ స్క్రీను వదిలేసి అతని వైపే చూసింది.

"ఏం, తప్పుందా?"

"లేదు. ఒక్కచోట మారిస్తే అన్నిచోట్లా మారుతుందన్నారుగా... ఇంట్లో కూడానా?"