పైకి పోయింది

"నా కూతుర్ని ఏం చేసినావ్?"

యోగానంద ఒక ముసలాయన చొక్కా పట్టుకుని ఊపేస్తున్నాడు.

చుట్టూ జనం మూగారు. నీళ్ల కొలనులో ఆటలు ఆపించేశారు. మైకులో కన్నడంలో ఒకసారి, తెలుగులో ఒకసారి పాప పేరు పిలుస్తూనే ఉన్నారు. నేత్రావతి, ఎర్ర గౌను, రెండో తరగతి.

తల్లి సౌభాగ్య కొలను గట్టున కూలబడి ఉంది. నీళ్ల మీది నుంచి చూపు తిప్పుకోలేకపోతోంది.

అసలు గొడవ టికెట్ల దగ్గర మొదలైంది.

నాగలమడిక దారిలో, సోలార్ పార్కు కంచెకు దగ్గర్లో ఈ ఆటల పార్కు పెట్టిన కొత్తలో ఒక్క టికెట్ తీసుకుంటే అన్నీ ఆడుకోవచ్చు. ఈ ఏడు టికెట్ ధర పెంచారు. అది చాలదన్నట్టు లోపల ప్రతిదానికీ వేరే డబ్బు. బట్టలు పెట్టుకునే పెట్టెకు వేరే. నీళ్లలో తేలే ట్యూబుకు వేరే. జెయింట్ వీల్‌కు వేరే టోకెన్. ఇంటి నుంచి తెచ్చిన చిత్రాన్నం డబ్బాను కూడా గేటు దగ్గరే పెట్టించుకున్నారు.

వేరుశనగ అమ్మిన సంతోషంలో అరసికెరె నుంచి భార్యాబిడ్డల్ని తీసుకొచ్చిన యోగానందకు ట్యూబులతోనే జేబు ఖాళీ అయింది. వీల్ ఎక్కుతానని పాప ఏడ్చింది. వచ్చే ఏడు చూద్దామని గద్దించాడు.

మళ్లీ తిరిగి చూస్తే పాప లేదు.

ఎర్ర గౌను పిల్లతో ఒక ముసలాయన మాట్లాడుతుంటే చూశానని ఐస్‌క్రీం అమ్మే అమ్మాయి చెప్పింది. పంచె, భుజాన తువ్వాలు. ఒంటరిగా వచ్చాడట. పొద్దున్నుంచి ఒక్క ఆటా ఆడలేదట.

పిల్లలు వెంట లేని ముసలాయనకు ఆటల పార్కులో ఏం పని?

ఆ ప్రశ్న నోటి నుంచి నోటికి పాకింది. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ల మాట ఎవరో ఎత్తారు. ఇంతలో ఆ ముసలాయనే కొలను వైపు నడిచొస్తూ సెక్యూరిటీవాళ్ల చేతికి చిక్కాడు.

"చెప్పు. యాడుండాది పాప?"

ముసలాయన మెల్లగా చెయ్యి పైకెత్తాడు.

"దిగులు పడొద్దప్పా. పాప పైకి పోయింది."

సౌభాగ్య కేక కూడా పెట్టలేదు. గట్టు మీద అలాగే ఒరిగిపోయింది.

యోగానంద కొట్టాడు.

ముసలాయన పెదవి చిట్లింది. ఇంకేదో చెప్పబోయాడు. జనం చెప్పనివ్వలేదు. తలా ఒక చెయ్యి వేశారు. ఇంకాసేపుంటే చంపేస్తారని సెక్యూరిటీవాళ్లు ఆయన్ని గేటు బయటి గదికి లాక్కెళ్లారు. ఒకతను పోలీసులకు ఫోన్ చేస్తున్నాడు.

"నాయనా!"

యోగానంద వెనక్కి తిరిగాడు.

వీల్ వైపు నుంచి ఎర్ర గౌను పరిగెత్తుకుంటూ వస్తోంది.

సీట్లన్నీ నిండేదాకా ఆ వీల్ తిప్పరు. ఒక్కొక్కరినీ ఎక్కించుకుంటూ ఆగి ఆగి పైకి పోతుంది. టోకెన్ లేని పిల్ల దాని మీద ఉంటుందని ఎవరికీ తట్టలేదు. ఒక్కరూ తల పైకెత్తి చూడలేదు.

తల్లి పాపను ఎదకు హత్తుకుని ఒళ్లంతా తడిమింది. పాప ఆమె చేతుల్లోంచే అటూ ఇటూ చూస్తోంది.

"అమ్మా, తాత యాడ?"

వీల్ దగ్గర నిలబడి ఏడుస్తుంటే, వరుసలో ఉన్న తాత తన టోకెన్ ఇచ్చాడట. నువ్వు ఎక్కు, మీ అమ్మానాయనకు నేను పోయి చెప్తాలే అన్నాడట.

యోగానంద గేటు దగ్గరకు పరిగెత్తాడు.

గది ఖాళీగా ఉంది.

పాప దొరికిందని తెలియగానే ముసలాయన్ని వదిలేశారట. లోపలికి పోయి పాపను ఒక్క మాట అడిగొస్తానని బతిమాలాడట.

"గేటు దాటితే మళ్లీ టికెట్ తీయల్ల, రూల్ అని చెప్పినా సార్," అన్నాడు సెక్యూరిటీ అతను. "దుడ్లు లేవన్నాడు. ఆ గేటు కమ్మీల దగ్గరే కాసేపు నిలబడినాడు. ఇప్పుడే బస్సొస్తే ఎక్కి పోయినాడు."

పేరేమిటో, ఏ ఊరో ఎవరూ అడగలేదు.

సౌభాగ్య పాప చెయ్యి పట్టుకుని అక్కడికి వచ్చింది.

"తాత పోయినాడా? మల్ల నేను ఎవురికి చెప్పల్ల?" అంది పాప.

"ఏంది చెప్పేది?"

"సోలార్ పార్కు లోపల తాత చేను ఉండాదంట నాయనా. కంచె దాటి పోనీరంట. తాత పెండ్లాం గంగక్కవ్వ సమాధి ఆ చేన్లోనే ఉండాదంట. ఉంచినారో, పీకేసినారో తెలీదంట. వీల్ ఎక్కితే అగపడతాదని వచ్చినాడు. ఏనుగు మాదిరి రాతిగుండు పక్కన చూడు పాపా, చూసొచ్చి నాకు చెప్పు అన్నాడు."

సౌభాగ్య అడిగింది.

"చూసినావా?"

"చూసినా. చుట్టూ అంతా నీలం పలకలే. నడుమ సమాధి తెల్లగా ఉండాది. ఎవురో సున్నం కూడా కొట్టినారమ్మా."

దూరంగా, బస్సు పోయిన దారిలో దుమ్ము ఇంకా సర్దుకోలేదు.

"నేను దిగొచ్చేదాకా పార్కులోనే ఉంటానన్నాడు," అంది పాప. "తాతను ఎవురు తరిమేసినారు నాయనా?"

సెక్యూరిటీ అతను తల దించుకున్నాడు. సౌభాగ్య మొగుడి వైపు చూసింది.

యోగానంద పాప ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"మీ నాయన," అన్నాడు.