మూల బల్ల టీచరమ్మ

"ఎలా ఉందమ్మా ఇవాళ?"

కాఫీకొట్టు యజమాని గల్లాపెట్టె వదిలేసి మూల బల్ల దగ్గర నిలబడ్డాడు. ఒకప్పుడు కుట్టు నేర్పిన టీచరమ్మ నోరు విప్పేదాకా ఆయనకు ఊపిరాడదు.

ఆవిడ కప్పును వెలుతురు వైపు వంచి రంగు చూసింది. ఒక గుక్క తాగింది. కొలువు తీరిన మహారాణిలా బల్లలన్నీ ఒకసారి కలియజూసింది. పక్క బల్ల దగ్గర ఓ డ్రైవరు మూతి ముడుచుకుని పేపరు చదువుతున్నాడు.

"కాస్త మాడింది నాయనా."

ఆయన పరుగున లోపలికెళ్ళి, మరో వాయి గింజలు సన్నమంట మీద వేయించాడు. మధ్యాహ్నానికి అదే డ్రైవరు రెండో కప్పు అడిగాడు.

"మీది నాలుక కాదు గురూగారూ, బంగారం!"

ఆ మాట యజమానికి చెంపదెబ్బలా తగిలింది. ఒకప్పుడు ఒక్క గుటకతో గింజ ఏ కొండ మీద కాసిందో చెప్పిన నాలుకే అది. పోయిన చలికాలం వచ్చిన జ్వరం రుచినీ వాసననీ వెంట తీసుకుపోయింది. ఇప్పుడు ఆయనకు కాఫీ అంటే వేడినీళ్ళే. గోడ మీద బోర్డు మాత్రం దిగలేదు: 'యజమాని స్వయంగా రుచి చూసిన కాఫీ'. దాని కింద నిలబడ్డప్పుడల్లా తల దానంతటదే వంగిపోయేది. భార్యకు కూడా చెప్పలేదు.

మర్నాడు టీచరమ్మ చేతిసంచితో వచ్చింది.

"చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నాను నాయనా. ఇక అక్కడే. నీ దగ్గర ఇదే ఆఖరి కాఫీ."

ఆయన ఎదురు కుర్చీలో కూలబడ్డాడు.

"మీరు వెళ్తే ఈ కొట్టు మూసుకోవాల్సిందేనమ్మా."

"చోద్యం! ఒక్క ముసలిదాని కప్పుతోనే నడుస్తోందా ఏంటి?"

ఇక దాచలేకపోయాడు. గొంతు తగ్గించి అంతా చెప్పేశాడు.

"ఇన్నాళ్ళూ మీ నాలుకతోనే నెట్టుకొచ్చానమ్మా. జనాన్ని మోసం చేశాను. మీకు తెలీకుండా మిమ్మల్నీ వాడుకున్నాను."

టీచరమ్మ మొహం పాలిపోయింది. కప్పు కింద పెట్టేసింది. సంచి పిడిని మెలిపెట్టింది. మళ్ళీ ఒకసారి బల్లలన్నీ కలియజూసింది. అందరూ హాయిగా తాగుతున్నారు.

"నువ్వంత ఆశగా అడుగుతుంటే కాదనలేకపోయాను నాయనా, నాకూ రుచి తెలీక ఏళ్ళయింది, చుట్టూ తాగేవాళ్ళ మొహాలు చూసి చెప్పేదాన్ని."