అద్దెకిచ్చిన పేరు

నీళ్లు పట్టే ముందు వంటింటి గోడకున్న నిజంపెట్టెను అడగడం అప్పటికి ఇంటింటా అలవాటైపోయింది. ఊళ్లో ఫ్యాక్టరీ వచ్చాక తాయారు కూడా రోజూ అడిగేది. అది ఇంటర్నెట్టంతా గాలించి, "నీళ్లు మంచివే" అనేది.

కూతురి చేతులనిండా బొబ్బలు లేచిన రోజున మాత్రం, "అని ఎవరన్నారు?" అని నిలదీసింది.

"వందల వ్యాసాలున్నాయి. అన్నింటికీ పూచీ డాక్టర్ గోవర్ధన్."

గోవర్ధన్ తాయారు సొంత అన్న. వెంటనే ఫోన్ చేసి ఆ వ్యాసాల సంగతి అడిగింది.

"అవి యంత్రాలు రాసినవే తాయీ. మనిషి పేరు లేకపోతే చెల్లవని ఫ్యాక్టరీవాళ్లు నా పేరు అద్దెకు తీసుకున్నారు."

"మా ఊరి నీళ్లని నీకు తెలుసా?"

"మీరు కొనుక్కుని తాగుతారనుకున్నానే" అన్నాడు.

తాయారు పక్కింటికి పరిగెత్తి, "ఆ నీళ్లు పిల్లాడికివ్వకు వదినా, విషం!" అంది.

పక్కింటి సుభాషిణి తన నిజంపెట్టెను అడిగింది. "అబద్ధం. నీళ్లు మంచివేనని డాక్టర్ గోవర్ధన్ గారు చెప్పారు" అంది పెట్టె.

"అదేంటి వదినా, మీ అన్నయ్యే చెబుతుంటేనూ!" అని నవ్వి, సుభాషిణి కొడుక్కి గ్లాసు నింపింది.

తాయారు ఆ గ్లాసు లాక్కుని సింకులో పారబోసింది.

"మా అన్నయ్య చెప్పలేదు వదినా, మమ్మల్ని అమ్ముకున్నాడు."