తనిఖీ రోజు

"మీరూ ఆ కచేరీ వాళ్ల మనుషులేగా! మీరు మాత్రం చెప్తారా?" స్తోయాంకా బల్ల మీద గుద్దింది.

డాన్యూబ్ ఒడ్డున ఉన్న ఆ జిల్లా పట్టణపు గ్రంథాలయంలో చదువుకునేవాళ్లంతా తలలెత్తి చూశారు. జుట్టు నెరిసిన లైబ్రేరియన్ రాదోస్వేతా మాత్రం కుర్చీ చూపించింది.

"కూర్చోమ్మా. ఏం కావాలో చెప్పు."

స్తోయాంకాది కొండ మీది పల్లె. మార్చిలో వాగు మీది నడక వంతెన విరిగి, బడి నుంచి వస్తున్న ఆమె కూతురు నెదెల్యా నీళ్లలో కొట్టుకుపోయింది. పదిహేనేళ్ల పిల్ల. పురపాలక కచేరీలో అడిగితే, "వంతెన బాగుందని ఇంజనీరు చూసి సంతకం పెట్టాడు. వాగు పొంగితే మేమేం చేస్తాం?" అన్నారు. రెండోసారి వెళ్తే గుమ్మంలోంచే తరిమేశారు.

"ఆ సంతకం ఎవడిదో, ఎప్పుడు పెట్టాడో కూడా చెప్పరట! బిడ్డను పోగొట్టుకున్నదానికి కాగితం ముక్క చూపించరా?"

"చూపించి తీరాలి. చట్టం ఉంది." రాదోస్వేతా ఆ చట్టం తీసి, వేలు పెట్టి చదివించింది. దగ్గరుండి దరఖాస్తు రాయించింది. "పద్నాలుగు రోజుల్లో జవాబివ్వాలి. ఇచ్చినా, ఇవ్వకపోయినా నా దగ్గరికే రా."

ఇచ్చారు. తనిఖీ నివేదిక నకలు. తనిఖీ చేసిన తేదీ నిరుడు సెప్టెంబరు పన్నెండు. కింద ఇంజనీరు పేరు, సంతకం.

స్తోయాంకా దాన్ని తెచ్చి రాదోస్వేతా బల్ల మీదికి విసిరికొట్టింది. "వచ్చి చూశాడట! మా ఊళ్లో ఒక్కడైనా వాడి మొహం చూస్తేగా! మా మాట ఎవడు నమ్ముతాడు?"

రాదోస్వేతా కాగితం అందుకుని చాలాసేపు చూసింది. లోపలికెళ్లి నిరుటి స్థానిక పత్రికల కట్ట మోసుకొచ్చి ధబ్బున పడేసింది. వెతకనైనా వెతకలేదు. సరాసరి సెప్టెంబరు పదమూడో తేదీ సంచిక లాగి, ఆఖరి పేజీ తిప్పింది.

ముందురోజు నదిలో చేపలు పట్టే పోటీ జరిగిందని వార్త. మొదటి బహుమతి గెలిచినవాడు మేకపిల్లంత వాలుగ చేపను చేతుల్లో ఎత్తి పట్టుకుని నవ్వుతున్నాడు. ఫొటో కింద పేరు. నివేదిక మీద ఉన్న పేరే.

"పన్నెండో తారీఖు పొద్దుట్నుంచి పొద్దుగూకేదాకా నది మీదే ఉన్నాడు వెధవ," అంది రాదోస్వేతా పళ్లు బిగించి. "దీనికి నకలు తీసిస్తా. ప్రాసిక్యూటరుకు ఫిర్యాదు ఇవ్వు. వాడి పేరు ఒక్క అక్షరం తప్పు పోకుండా రాయి."

స్తోయాంకా పెన్ను పట్టుకుని ఆగింది. "ఇన్ని పత్రికల్లో ఇది ఇక్కడుందని నీకెలా తెలుసక్కా?"

"ఆ చేపను వండి పెట్టింది నేనే," అంది రాదోస్వేతా, "వాడు నా కొడుకు."