నల్లపెట్ట జలుబు

కార్తీకం వెళ్లిపోయింది. నాంచారమ్మ ఇంట్లో నీచు వండి నెల దాటింది. ఆదివారం మంగళగిరి నుంచి కొత్తల్లుడు వస్తున్నాడు. నాటుకోడి పెట్టకపోతే ఆ ఇంటి పరువేం కావాలి?

"నల్లపెట్టని కోసేద్దామయ్యా. చలి మొదలైన కాడ్నించీ గుడ్డే పెట్టట్లేదు" అంది మొగుడితో.

"కోసెయ్యవే!" గురవయ్య గొంతు వీధి చివరిదాకా వినిపించింది. "తిండి దండగ. నేను కంచం ముందు కూర్చుంటే చాలు, వచ్చి మీద పడుద్ది దరిద్రప్పెట్ట."

ఆదివారం తెల్లారగట్ల పెరట్లో మంచు కమ్మేసింది. ఎదుటి మనిషి కనపడటం లేదు. కోళ్ల గంప వైపు నుంచి 'క్ఛీ' మని తుమ్ము. వెనకే గురగుర.

"ఏమేవ్, విన్నావా? నీ పెట్టకి జలుబు చేసింది" పెరట్లో వేపపుల్ల నములుతూ కేకేశాడు గురవయ్య. "జబ్బుకోడిని అల్లుడికి పెడతావా? నలుగురూ మొహాన ఉమ్మేస్తారు."

నాంచారమ్మ ప్రాణం ఉసూరుమంది. ఆ పూటకి బజారు నుంచి బ్రాయిలర్ తెప్పించింది. అల్లుడు శ్రీకృష్ణ మర్యాదస్తుడు. రెండు ముక్కలు తిని, చాలత్తయ్యా అన్నాడు. ఆ మాట ఆవిడకి వారమంతా గుచ్చుకుంటూనే ఉంది. వెళ్లేటప్పుడే వచ్చే ఆదివారం మళ్లీ రమ్మంది. ఈసారి నల్లపెట్టే, ఒట్టు.

వైద్యం మొదలైంది. పక్కింటి రహమతున్నీసా వచ్చి పెట్టని అటూ ఇటూ తిప్పి చూసింది.

"కొక్కెర తెగులైతే మెడ వాల్చేసుద్ది వదినా, పచ్చగా పారుద్ది. దీనికవేం లేవు. చలిగాలి తగిలుంటది."

మిగతా కోళ్లకి అంటకుండా దాన్ని వేరే గంప కింద మూశారు. తడి లేకుండా పొడి ఊక పోశారు. గాలి కొట్టే వైపు పత్తి గోతాం కట్టారు. గోరువెచ్చటి నీళ్లలో పసుపు, దంచిన వెల్లుల్లి. కూతురికి జ్వరమొచ్చినప్పుడు కూడా నాంచారమ్మ ఇంత హైరానా పడలేదు.

పగలంతా పెట్ట గింజలు బాగానే ఏరుకునేది. తెల్లారగట్ల మళ్లీ తుమ్ము. అందరికంటే ముందు వినేది గురవయ్యే.

శుక్రవారం పశువుల ఆసుపత్రి జయరావు వచ్చాడు. పెట్ట నెత్తిమీద జుట్టు చూశాడు, ఎర్రగా నిగనిగలాడుతోంది. ముక్కు పొడిగా ఉంది. రొమ్ముకి చెవి ఆనించాడు, గురక లేదు.

"ఇంత ఆరోగ్యమైన రోగిని నా సర్వీసులో చూళ్లేదమ్మా" అన్నాడు.

"మరి తుమ్ములో? మేమేవన్నా కల కంటన్నామా?" గురవయ్య గయ్యిమన్నాడు. "రేపు నాలుగింటికి వచ్చి వినండి, తెలుసుద్ది!"

ఆ చలిలో నాలుగింటికి ఎవరు లేస్తారు? జయరావు తల గోక్కున్నాడు. "తుమ్మడం ఆగేదాకా మాత్రం కొయ్యకండి" అని బండెక్కాడు.

శనివారం రాత్రి నాంచారమ్మ కత్తి నూరి పెట్టుకుంది. "రేపు తుమ్మకపోతే కోసేస్తానయ్యా."

"దేవుడికి దణ్ణం పెట్టుకో" అన్నాడు గురవయ్య, దుప్పటి ముసుగు పెడుతూ.

ఆదివారం కోడి కూయకముందే లేచింది నాంచారమ్మ. మొగుడి మంచం ఖాళీగా ఉంది. పసుపునీళ్లు కాచి గిన్నెలో పోస్తుంటే, పెరట్లోంచి 'క్ఛీ'. అయినా ఆశ చావక గిన్నె పట్టుకుని, చెప్పుల్లేకుండా మంచులో నడిచి గంప దాకా వెళ్లింది.

నల్లపెట్ట గురవయ్య ఒళ్లో, ఆయన దుప్పట్లో వెచ్చగా కూర్చుని అరచేతిలో సజ్జలు తింటోంది, ఆయనేమో ఖాళీ గంపలోకి మొహం దూర్చి శక్తికొద్దీ తుమ్ముతున్నాడు.