రెండో ముద్ద

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఐదుగురు. అవ్వ వజ్రమ్మ, నాయన జయరామ, అమ్మ సుగంధి, వెంగల్ నుంచి వచ్చిన అమ్మ తమ్ముడు శేషాద్రి, సింధూర.

పోయినవాళ్ళు ఇద్దరు, పెరటి గోడ మీద.

ఒక అరిటాకు ముక్కలో తాత ధర్మలింగం పేరున ఒక ముద్ద. ఆయన పోయి ఏడాది. పక్క ముక్కలో తాత చెల్లెలు తంగమ్మ పేరున రెండో ముద్ద. ఆమె పెళ్ళి ఈడులోనే పోయిందట. ఏ జబ్బుతో పోయిందో సింధూరకు ఎవరూ చెప్పలేదు. ఇంట్లో ఆమె ఫొటో కూడా లేదు. అడిగితే అవ్వ, "ఎట్లో పోయింది. మైల పోయేదానికి తలకు పోసుకున్నాం. అంతే," అనేది.

కాకి ముట్టేదాకా ఇంట్లో ఎవరూ తినకూడదు.

కాకి రాలేదు.

పిలిచి పిలిచి నాయన గొంతు బొంగురుపోయింది.

"బావా, నాకు షుగరు," అన్నాడు శేషాద్రి మామ. "ఇంకొంచేపుంటే నా పేరున కూడా ఒక ముద్ద పెట్టాల్సొస్తాది."



సింధూరకు మాత్రం ఒళ్ళు మండిపోతోంది. తాత ఉన్నప్పుడు తెల్లారేసరికి నూకల కోసం కాకులు, గోరింకలు, పికిలిపిట్టలు ఈ గోడ నిండా వాలేవి. తాతా తనూ మెట్టు మీద కూర్చుని వాటిని చూస్తూ ఉండేవాళ్ళు. నలుగురిలో నోరు విప్పని పిల్ల పిట్టల దగ్గర మాత్రం గలగలా మాట్లాడేది. తాత పోయాక నాయన పిట్టలు బెదిరేలా పెరటి నిండా పాత సీడీలు వేలాడదీశాడు. రంగేసి ఆరేసిన నూలు మీద రెట్టలు వేస్తున్నాయని టపాసులు పేల్చాడు. నూకలు చల్లితే చెయ్యి విరగ్గొడతానన్నాడు.

"ఏడాదంతా తరిమినారు. ఈ పొద్దు రమ్మంటే ఎట్లొస్తాయి నాయనా?"

ఆ మాట ఎలా బయటపడిందో ఆమెకే తెలియలేదు.

"ఏమే, నోరు లేస్తా ఉండాది?" అన్నాడు నాయన.

అంతలో గోడ అవతల సందులోంచి కాకుల గోల వినబడింది.

నాయన తొంగిచూశాడు. రైస్‌మిల్లు పక్క రేకులింట్లోకి కొత్తగా వచ్చిన ముసలామె అక్కడ బండ మీద కూర్చుని ఉంది. ఆర్.కె.పేట బస్సులో ఒక మూటతో దిగిందని తప్ప ఆమె గురించి ఎవరికీ ఏమీ తెలియదు. కొంగులోంచి బొరుగులు తీసి చల్లుతోంది. ఊరి కాకులన్నీ ఆమె కాళ్ళ దగ్గరే ఉన్నాయి.

"అదీ సంగతి. మన కాకుల్ని ఈమె మచ్చిక చేసుకునింది," అన్నాడు.

అవ్వ వసారాలోంచే అరిచింది. "ఎవురది? మా ఇంటి కాకులకు మందు పెట్టేది? లేచి యాడికన్నా పో."

ముసలామె కోప్పడలేదు.

"కాకులకు మీ ఇల్లు, మా ఇల్లు ఏంది సామీ. పెట్టినోళ్ళ కాడికి వస్తాయి. ఉండండి, నేను పిలస్తా."

లేచి గోడ దగ్గరికి వచ్చింది. వేళ్ళ కణుపులతో గోడ మీద తట్టి, నాలుకను అంగిటికి తాటించి చప్పుడు చేసింది. "రాండి దొరా, రాండి," అంది.

సింధూర ఒళ్ళు జలదరించింది. తాత ఒక్కడే అలా పిలిచేవాడు.

వసారాలో అవ్వ అరుపు ఆగిపోయింది.

ఒక కాకి వచ్చి గోడ మీద వాలింది. అటూ ఇటూ చూసి తాత ముద్దను పొడిచింది.

"కాపాడినావు తల్లీ," అంటూ శేషాద్రి మామ లోపలికి పరుగెత్తాడు. అతని వెనకే నాయన. అమ్మ వడ్డించడం మొదలుపెట్టింది. పిలిచి పెట్టిన ముసలామెకు ఒక మంచిమాట లేదు, ఒక గ్లాసు నీళ్ళు లేవు.

"పాపా," అంది ఆమె గోడ మీదుగా. "ఆ రెండో ముద్ద కాకులకెందుకు? నాకియ్యి. పొద్దుట్నించి ఏం తినలా."

"చచ్చినోళ్ళ ముద్ద అడుక్కుంటావా? సిగ్గు లేదా?" లోపలినుంచి నాయన.

"వడలుండాయి, పాయసముండాది. లోపలికి పిలవండి నాయనా. కాకిని పిలిచింది ఆమే కదా," అంది సింధూర.

"దారిన పొయ్యేవాళ్ళకంతా ఆకేసేదానికి ఇదేమన్నా సత్రమా?"

సింధూర అవ్వ వైపు చూసింది. పండగకూ పబ్బానికీ బిచ్చగాడికైనా పెట్టి పంపే అవ్వ నోరు విప్పలేదు. ఆమె చూపు గోడ దగ్గరే ఆగిపోయి ఉంది.

ఇంక ఎవరినీ అడగదలచుకోలేదు సింధూర. గోడ మీది ఆకు తీసుకుని పెరటి తలుపు దాటి సందులోకి వెళ్ళింది. 

ముసలామె ముద్దను కళ్ళకద్దుకుంది. ఒక కబళం నోట్లో పెట్టుకుని నవ్వింది.

"ఉప్పు తక్కువ. ఈ ఇంట్లో ఎప్పుడూ అంతే."

"మీరెప్పుడు తినినారు మా ఇంట్లో?"

 ఆమె మిగిలిన మెతుకులను ఒక గోరింకకు విసిరి, సింధూర భుజం మీదుగా తలుపు వైపు చూసింది.

గడపలో అవ్వ నిలబడి ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నువ్వు గడప దాటిన పొద్దే తలకు పోసుకున్నాం. చచ్చినోళ్ళు చచ్చినట్టే ఉండాల, తంగమ్మా," అని, సింధూర ఇంకా బయట ఉండగానే అవ్వ తలుపు మూసి గడియ పెట్టింది.