అహరోను నోరు

"మీ చర్చి అయ్యగారు మేనేజరు కార్లోంచి దిగినాడక్కా. ఆయన చేత చెప్పించొద్దు," అంది దుర్గ, రొయ్యల కంపెనీ భోజనాల షెడ్డు గుమ్మంలో అడ్డంగా నిలబడి.

ఎలిశబెతుకు ఒళ్ళు మండింది. "జువ్వలదిన్నె నుంచి ఈ ఎండలో నడిచి రమ్మంటావా ఏంది? నోటికొచ్చినట్టు మాట్లాడబాక. ఆయన దైవసేవకుడు మే!"

"సేవకుడే. ఎవురికని నా అనుమానం."

మామూలు రోజైతే ఎలిశబెతు నాలుగు తగిలించేదే. కానీ లోపల తెల్లాయన కూర్చుని ఉన్నాడు. వీళ్ళు వలిచిన రొయ్యలు పోయేది ఆయన దేశానికే. కొనేవాడు గట్టిగా ఒక్క మాటంటే మేనేజరు గడగడలాడతాడు. పనివాళ్ళతో విడిగా మాట్లాడాలని పట్టుబట్టి ఆయనే మేనేజర్ని బయటికి పంపేశాడు. ఇంగ్లీషు చెప్పడానికి ఎవరున్నారని అడిగితే, ఎలిశబెతే ఎగేసుకుని తమ చర్చి పాస్టరు సమాధానంగారి పేరు చెప్పింది.

ఎందుకు చెప్పదు? పోయిన ఆదివారం ఆయన ప్రసంగం విన్నవాళ్ళు ఎవరైనా అదే పేరు చెబుతారు. ఐగుప్తులో ఫరో రాజు కింద ఇటుకలు చేసిన బానిసల కథ ఎత్తుకుని, "ఆ బట్టీ ఎక్కడో లేదమ్మా, మీ రొయ్యల షెడ్డే అది! ఏ దేశంలోనో ఎవరి పళ్ళెంలోకో రొయ్య చవగ్గా పోవాలని ఇక్కడ మీ వేళ్ళు కొరికేస్తున్నారు. ఫరో చావలేదు, సూటు తొడుక్కున్నాడు అంతే!" అని బల్ల గుద్దాడు. చర్చి చర్చంతా ఆమేన్ అని అరిచింది.

ఆరాధన అయ్యాక ఎలిశబెతు ఆయన ముందు చేతులు చాపింది. ఐసులోనూ క్లోరిన్ నీళ్ళలోనూ పొద్దస్తమానం నాని, తోలు ఊడి పుండ్లయిన చేతులు. అన్నం కలుపుకుంటే కారం తగిలి ప్రాణం పోతుంది.

"నాకు మాట్లాడటం రాదయ్యగారూ," అంది.

"మోషేకీ రాలేదమ్మా. అన్న అహరోను ఆయనకు నోరయ్యాడు. నీకు నేనుంటా," అన్నాడాయన.

ఆ మాట పట్టుకునే ఆమె తక్కిన ఆడవాళ్ళకు ధైర్యం నూరిపోసి ఇక్కడ కూర్చోబెట్టింది. ఎవరి పని పోయినా తనదే పూచీ అని కూడా అనేసింది, పిచ్చిది.

"చెప్పమ్మా," అన్నాడు పాస్టరుగారు, లోపలికొచ్చి తెల్లాయన పక్కన కూర్చుని.

ఎలిశబెతు లేచింది. ఇవాళ ఒక్కరూ తీయకూడదని మేనేజరు హెచ్చరించిన కొత్త గ్లౌజులు పీకి బల్లమీద పడేసింది.

"ఈ చేతులు చూడండి సారూ. ఇంత గడ్డకట్టే నీళ్ళలో వట్టి చేతులతో వలవమంటారు. గ్లౌజులు అడిగితే రేపట్నుంచి రావొద్దంటారు. ఇవి మీరు వస్తుండారని ఈ పొద్దే ఇచ్చినారు. మీరు పోతానే లాక్కుంటారు. మీ రొయ్య మీద మచ్చ పడితే మమ్మల్ని తిడతారు గదా, మా చేతులు ఇట్టా అయితే అడిగేవాళ్ళు లేరా? మీరన్నా అడగండి సారూ, మీకు పుణ్యముంటది."

పాస్టరుగారు కళ్ళు మూసుకుని, ప్రార్థన చేస్తున్నట్టే మెల్లగా ఇంగ్లీషులో చెప్పుకుపోయాడు. ఆయన గొంతు వణికింది కూడా. ఎలిశబెతుకు కడుపు నిండినట్టయింది. తన గోడు ఇన్నాళ్ళకు ఒకరి చెవిన పడుతోంది.

"మధ్యలో థాంక్యూ అన్నాడేందక్కా?" దుర్గ గుసగుసలాడింది.

"మర్యాద మే. ఇంగ్లీషులో తిట్టాలన్నా ముందు అదే అంటారు. సద్దు చెయ్యబాక."

తెల్లాయన కళ్ళు తుడుచుకున్నాడు. మెడలో ఉన్న చిన్న సిలువను పట్టుకుని ఏదో అన్నాడు.

"ఆయన కూడా విశ్వాసేనంట," పాస్టరుగారు తెలుగులో చెప్పాడు. "నీ మాట ఆయన గుండెకు తగిలిందంట. అంతా చక్కబెడతాడు, ధైర్యంగా ఉండమంటున్నాడు."

"స్తోత్రం తండ్రీ!" అంది ఎలిశబెతు. కొందరికి ఏడుపు ఆగలేదు. దుర్గ వచ్చి ఆమె భుజం పట్టుకుంది. "తప్పయిపోయిందక్కా. ఊరికే ఆయన్ని అనుమానించినా."

"పోనీలే మే. ఇంకెప్పుడూ దేవుడి మనుషుల్ని అట్టా అనబాక," అంది ఎలిశబెతు పెద్దరికంగా.

పాస్టరుగారు టీ తాగడానికి మేనేజరు గదిలోకి వెళ్ళాడు. ఆడవాళ్ళు పనిలోకి పోబోతుంటే తెల్లాయన గబగబా వెనకే వచ్చి ఎలిశబెతును ఆపాడు. మధ్యలో మనిషి లేకుండా తనే ఆమెతో నాలుగు మాటలు చెప్పాలనుకున్నాడు కాబోలు, జేబులోంచి ఫోను తీసి దాంట్లోకి ఇంగ్లీషులో మాట్లాడాడు. మీట నొక్కి, తడి కళ్ళతో నవ్వుతూ ఆమె ముందు పెట్టాడు. అందరూ చుట్టూ మూగారు. ఫోనులోంచి ఒక ఆడగొంతు, రేడియోలో వార్తలు చదివినట్టు, తెలుగులో పలికింది:

"సోదరీ, ఇంట్లో స్టవ్ పేలి కాలిన మీ చేతులకు ఈ కంపెనీ వైద్యం చేయించిందని మీరు చెప్పిన సాక్ష్యం విని నేను ఏడ్చాను, ఇకపై మా రొయ్యలన్నీ ఇంత దయగల యజమాని దగ్గరే కొంటాము."